బోర్డు మీద పేరు

నరసరావుపేట నుంచి రొంపిచెర్ల పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. దాని ముందు నిచ్చెన వేసుకుని ఒక పెయింటరు బోర్డు రాస్తున్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. ఎదురుగా టీ బంకు దగ్గర నలుగురు గ్లాసులు పట్టుకుని తలెత్తి చూస్తున్నారు. అక్షరం బాగా కుదిరిందని ఒకాయన అంటున్నాడు. నీలం ఇంకాస్త ముదురుగా ఉండాల్సిందని ఇంకొకాయన అంటున్నాడు. దారిన పోయేవాళ్లకు ఇందులో తప్పేమీ కనపడదు. ఊళ్లో రోజూ ఎక్కడో ఒకచోట బోర్డు రాస్తూనే ఉంటారు.

కాని అయ్యా, ఆ పెయింటరు రాస్తున్నది కాదు, చెరుపుతున్నది చూడండి. నిన్నటిదాకా ఆ బోర్డు మీద ‘హబీబ్ ఇంజనీరింగ్ వర్క్స్’ అని ఉంది. హబీబ్ అన్న మాట మీద తెల్లరంగు పూసి, అది ఆరీ ఆరకముందే దాని మీద ‘ఇక్బాల్’ అని రాస్తున్నాడు. మిగిలిన రెండు మాటలూ అట్టాగే ఉంచమన్నారట. రంగు దండగ గదా. హబీబ్ ఎప్పుడో చనిపోయాడు. అతని భార్య రషీదా, కూతురు షాహిదా ఆ షెడ్డు వెనక గదిలోనే ఉన్నారు. హబీబ్ తండ్రి మీరా సాహెబ్ ఈమధ్యే పోయాడు, ఆయనకు మూడో రోజు చేసే జియారత్ జరిగింది నిన్ననే. బంధువులు తిన్న పళ్లేలు ఇంకా కడగనైనా లేదు, తమ్ముడు అన్న పేరు తుడిపిస్తున్నాడు.

టీ బంకు దగ్గర నలుగురికీ ఈ సంగతంతా తెలుసు. తెలిసే అక్షరం బాగుందంటున్నారు. నాకు ఆ తమ్ముడు ఇక్బాల్‌ను చూస్తే కోపం వచ్చింది, నిజమే. కాని అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది ఆ నలుగురిని చూసి. ఎందుకో తెలియాలంటే సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మీరా సాహెబ్‌ది ఒకప్పుడు చిన్న కొలిమి. నాగటి కర్రులు సాగగొట్టేవాడు, బండి చక్రాలకు ఇనప కమ్ములు ఎక్కించేవాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు హబీబ్ విజయవాడ ఆటోనగర్లో కొన్నేళ్లు పని నేర్చి వచ్చి ఆ కొలిమిని షెడ్డు చేశాడు. లేత్ మిషను తెచ్చాడు. వెల్డింగ్ పెట్టాడు. ట్రాక్టర్ ట్రక్కులు కట్టడం మొదలుపెట్టాడు. పల్నాట్లో ఊరూరా బోర్లు పడి, వోల్టేజి చాలక మోటార్లు కాలిపోతున్న రోజులవి. హబీబ్ మోటారు వైండింగ్ నేర్చుకుని భార్యకు కూడా నేర్పాడు. రషీదా వెనక గదిలో కూర్చుని రాగి తీగ చుట్టేది. ఆమె చుట్టిన మోటారు అంత తొందరగా కాలదని రైతులే చెప్పుకునేవాళ్లు. ఇక్బాల్ ఆ రోజుల్లో కాలేజీ అంటూ, సినిమాలంటూ తిరుగుతున్నాడు. వాడిని చదివించింది అన్నే.

పిడుగురాళ్ల దగ్గర క్వారీలో రాయి కొట్టే మిషను ఆగిపోతే బాగుచేయడానికి వెళ్లిన హబీబ్ ఇంటికి తిరిగి రాలేదు. జాకీ జారి మిషను మీద పడింది. షాహిదా అప్పుడు చిన్నపిల్ల. అప్పటిదాకా షెడ్డుకు పేరంటూ లేదు. నలభయ్యో రోజు వెళ్లాక మీరా సాహెబ్ పెయింటరును పిలిచి బోర్డు మీద పెద్దకొడుకు పేరు రాయించాడు. ఈ జాగా ఎవరి చెమటతో వచ్చిందో ఊరందరికీ తెలియాలి అన్నాడు. ఊరందరికీ తెలిసింది. తెలిసి ఏం ఒరిగిందో మీరే చూస్తారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి, విసుక్కోకుండా వినండి. ముస్లింల వారసత్వ చట్టం ప్రకారం తండ్రి బతికుండగానే ఒక కొడుకు చనిపోయి, ఇంకో కొడుకు ఉంటే, ఆ పోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో తమంతట తాముగా వాటా రాదు. అన్యాయం కాదా అంటారు. తొందరపడకండి. ఆ చట్టమే ఇంకో మాట కూడా చెప్పింది. తాత బతికుండగా, తన ఆస్తిలో మూడోవంతు దాకా, వారసులు కానివాళ్లకు వసీయత్ చేయొచ్చు. వసీయత్ అంటే వీలునామానే. అదీ కాదంటే, ఒంట్లో ఓపిక ఉండగానే తన చేత్తో దానంగా ఇచ్చేసి, వాళ్లకు స్వాధీనం చేయొచ్చు. దాన్ని హిబా అంటారు. రెండు తోవలూ తెరిచే ఉన్నాయి. తండ్రి పోయిన మనవలకు నీడ లేకుండా పోతే ఆ తప్పు మతానిది కాదు, కదలకుండా కూర్చున్న తాతది. ఇది సాయిబుల ఇంటి గొడవలే అని పేజీ తిప్పేయబోతున్న హిందూ పాఠకులు కాస్త ఆగాలి. వీలునామా లేని ఆస్తి కోసం కోర్టు వరండాల్లో పడిగాపులు పడే అన్నదమ్ముల్లో ఏ కులం వాళ్లు లేరో, ఏ మతం వాళ్లు లేరో చూసి రండి.

మీరా సాహెబ్‌కు తోవ తెలియక కాదు. మనసు లేకా కాదు. మనసులో మాట అందరి ముందూ చెప్పాడు కూడా. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టే ముందు చుట్టుపక్కల ఊళ్ల బండ్లు ఆ షెడ్డుకే వచ్చేవి. వెదుళ్లతో ఆకాశమంత ఎత్తు కట్టిన ప్రభను మోసే బండికి ఇరుసు గట్టిగా ఉండాలి గదా. ఆ పనికి హబీబ్ కూలి తీసుకునేవాడు కాదు. అతను పోయాక తండ్రీ తీసుకోలేదు. ఒక శివరాత్రి ముందు బ్రహ్మానందం గారి ఊరి బండికి కొత్త ఇరుసు వేశారు. బ్రహ్మానందం అంటే ఆ ఊరికి పెద్ద రైతు, ప్రభ పనులన్నీ ఆయన చేతుల మీదే జరుగుతాయి. పని అయిపోయింది. మిషన్లన్నీ ఆపేశారు. బండికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వెనక గదిలోంచి షాహిదా చెంబుతో నీళ్లు తెచ్చింది. మీరా సాహెబ్ మనవరాలి తల మీద చెయ్యి వేశాడు. హబీబ్ ఉంటే ఈ బండి చూసి ఎంత సంబరపడేవాడో అని ఎవరో అన్నారు. ముసలాయన జనం వైపు తిరిగాడు.

“అందరూ వినండయ్యా. నేను పోయాక ఈ షెడ్డులో మూడోవంతు దీనిది. వెనక గది, దాని ముందు రోడ్డుదాకా ఉన్న జాగా. మిగతాది దీని దాదీకీ, ఇక్బాల్‌కీ.”

ఊళ్లోవాళ్లు ఇరవై మంది దాకా విన్నారు. మీరా సాహెబ్ బావమరిది అబ్దుల్ హమీద్ పక్కనే ఉండి విన్నాడు. బ్రహ్మానందం ముసలాయన భుజం మీద చెయ్యేసి, సాయిబు మాటంటే మాటే, పల్నాటోడి మాటకి కాయితం ఎందుకు అన్నాడు. అందరూ తలలూపారు. కొబ్బరి ముక్కలు పంచుకు తిని వెళ్లిపోయారు.

పల్నాటోడి మాట! ఈ మాట చెప్పుకుని మనం ఎంత విరగబడతామో. మాటిస్తే తప్పమంటాం, మాట కోసం తలలు ఇచ్చామంటాం. ఎవరి తలలో, ఎప్పటివో. ఇప్పుడు మనం ఇచ్చేది కొబ్బరి ముక్క నోట్లో ఉన్నంతసేపు తలూపడం. ఇది నేను కోపంలో అంటున్న మాట కాదు, ముందు చదవండి.

ఆ రోజు మోపెడ్ బాగుచేయించుకోవడానికి వచ్చి ఇదంతా చూసిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ప్లీడరు చెన్నకేశవరావు. మొహమాటం తెలియని మనిషి, కోర్టులో జడ్జీలు కూడా ఆయన నోటికి కాస్త జంకేవాళ్లు. జనం వెళ్లాక మీరా సాహెబ్‌ను పక్కకు పిలిచాడు. చెప్పింది చానా మంచి మాట, దాన్ని కాయితం మీద పెట్టు అన్నాడు. మీ చట్టంలో నోటితో చెప్పిన వసీయత్ కూడా చెల్లుతుంది, కాని దాన్ని విన్నవాళ్లు రేపు ముందుకొచ్చి చెప్పాలి అన్నాడు. మీరా సాహెబ్ నవ్వాడు. ఇరవై మంది విన్నారు గదయ్యా అన్నాడు.

“వినేవాళ్లు చానామంది ఉంటారు సాహెబ్. చెప్పేవాళ్లే ఉండరు. శుక్రవారం నమాజు అయ్యాక మా ఆఫీసుకు రా. గంట పని” అన్నాడు ప్లీడరు.

వస్తానన్నాడు మీరా సాహెబ్. నిజంగానే వెళ్దామనుకున్నాడు. గురువారం అన్నం దగ్గర ఇంట్లో ఆ సంగతి చెప్పాడు. చెప్పడమే ఆయన చేసిన తప్పయింది. ఇక్బాల్ ముద్ద కలుపుతున్నవాడు చెయ్యి ఆపాడు. పళ్లెం పక్కకు జరిపాడు.

“నా మీద నమ్మకం లేదా అబ్బా?” అన్నాడు తండ్రి వంక చూసి.

అంతే. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మీరా సాహెబ్ భార్య కుల్సుం, షాహిదాకు దాదీ అంటే నాయనమ్మ, ఏడుపు అందుకుంది. నిక్షేపంలా ఉన్న మనిషివి చావు కాయితం రాయడమేంది, ఇంటికి అరిష్టం అంది. అన్న బిడ్డను వాడు చూడడా, వాడు నా కడుపున పుట్టలేదా, ఊళ్లో ప్లీడరు దగ్గరకు పోయి కొడుకును దొంగ అని రాయిస్తావా అంది. ముసలాయన అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. మర్నాడు నమాజు చేసుకుని ప్లీడరు వీధి మొదటిదాకా వెళ్లి, అక్కణ్నుంచే వెనక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత చెన్నకేశవరావు కనపడ్డప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు. రంజాన్ వెళ్లనీ అన్నాడు ముసలాయన. పత్తి సీజను వెళ్లనీ అన్నాడు. షాహిదా పదో తరగతి పరీక్షలు కానీ అన్నాడు. ఇక్బాల్ మాత్రం ఆ ఒక్క మాట అన్నాక మళ్లీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. అన్న బిడ్డకు పండక్కి బట్టలు తెచ్చాడు, గాజులు తెచ్చాడు. వాడిలో దురాలోచన అప్పటికే ఉందని నేననను. ఉండాల్సిన అవసరం కూడా లేదు. రాత లేనిచోట దురాలోచన ఎప్పుడు పుట్టినా సరిపోతుంది.

నమ్మకం లేదా? ఆస్తి ఉన్న ఇళ్లల్లో ఇంతకంటే రోత పుట్టించే ప్రశ్న ఇంకోటి లేదు. అడిగేవాడు తన గుండె మీద చెయ్యేసుకుని, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని అడుగుతాడు. అడిగించుకున్నవాడు తనే ఏదో నేరం చేసినట్టు తల దించుకుంటాడు. నిజంగా ఇచ్చే బుద్ధి ఉన్నవాడికి రాస్తే బాధ ఎందుకండీ? ఎట్టాగూ ఇచ్చేదే గదా, రాయించు అబ్బా, నేనే సాక్షి సంతకం పెడతా అనాలి. అట్టా అన్న కొడుకును ఒక్కణ్ని చూపించండి, ఈ కథ ఇక్కడే ఆపేస్తాను.

ఎనభై ఆరో సంవత్సరం వానాకాలంలో మీరా సాహెబ్ లేత్ మిషను దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. శవాన్ని మోసే జనాజా లేపే ముందు ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయినవాడి కొడుకు నలుగురిలో నిలబడి, మా నాయన ఎవరికైనా బాకీ ఉంటే, ఎవరికైనా ఏదైనా మాట ఇచ్చి ఉంటే ఇప్పుడే చెప్పండి, ఆ భారం నాది అని అడగాలి. మనిషి బరువు దించుకుని మట్టిలోకి పోవాలని పెద్దలు పెట్టిన ఏర్పాటు. ఎంత మంచి ఏర్పాటో చూడండి. ఇక్బాల్ నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి, ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. చేతులు కట్టుకుని అడగాల్సిన మాట అడిగాడు.

వీధంతా జనం. ప్రభ బండి ఊరివాళ్లు వచ్చారు. బ్రహ్మానందం గారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అబ్దుల్ హమీద్ మొదటి వరసలో ఉన్నాడు. తలుపు వెనక రషీదా, షాహిదా ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఎవరో ఒకరు నోరు తెరిస్తే చాలు. సాయిబు ఈ పిల్లకు మూడోవంతు ఇస్తానన్నాడు, మేం విన్నాం అని ఒక్కరంటే చాలు, శవం ముందు ఇక్బాల్ కాదనలేడు. ఎవరూ అనలేదు. హమీద్ తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. బ్రహ్మానందం గారు వాన వచ్చేట్టుందని ఆకాశం వంక చూశారు. జనాజా లేచింది.

బోర్డు సంగతి మీకు తెలుసు. బోర్డు ఆరిన సాయంత్రమే ఇక్బాల్ వదినను ఇంట్లోకి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. వెనక గది తనకు కావాలి, జీతానికి వైండింగ్ మనిషిని పెట్టుకుంటున్నాడు, ఆడవాళ్లు షెడ్డులో ఉండటం మర్యాదగా లేదు. నలభయ్యో రోజు కాగానే మాచర్లలో పుట్టింటికి వెళ్లమన్నాడు. షాహిదాకు సంబంధం తనే చూస్తానన్నాడు. నేనేమన్నా మిమ్మల్ని రోడ్డు మీద పడేస్తున్నానా అని కూడా అన్నాడు. రషీదాకు మాచర్లలో ఉన్నది చనిపోయిన తల్లి జ్ఞాపకం, ఒక అన్న, ఆ అన్నకు ఆరుగురు పిల్లలు. ఆమెకు తెలిసిన పని ఒక్కటే, ఆ పనికి గిరాకీ వచ్చేది ఆ గది గుమ్మానికే. మామగారు ఇచ్చిన మాట గుర్తుచేసింది.

“ఏ మాట? ఎవరు విన్నారు? తీసుకురా” అన్నాడు ఇక్బాల్.

కుల్సుం లోపలి గదిలో ఇద్దత్‌లో కూర్చుని ఉంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలలు దాటేదాకా గడప దాటకూడదు. ఆ మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి. కొడుకును పిలిచి, నా ఇద్దత్ ముగిసేదాకా ఆ గదిలోంచి ఎవర్నీ కదిలించొద్దు అంది. తల్లి ఇద్దత్‌లో గొడవ పెట్టుకుంటే మసీదు జమాత్‌లో తల ఎత్తుకోలేడు గనక ఇక్బాల్ ఊరుకున్నాడు.

హమీద్ అక్కను చూడటానికి వచ్చినప్పుడు కుల్సుం సూటిగా అడిగింది. ఆ రోజు మీ బావ అన్న మాట నువ్వు విన్నావు గదా, వచ్చి మసీదు పెద్దల ముందు చెప్పు అంది. హమీద్ గడ్డం నిమురుకున్నాడు. విన్నట్టే ఉంది గాని గ్రైండింగ్ మిషను మోతలో సరిగా వినపడలేదు అక్కా అన్నాడు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు మిషన్లన్నీ ఆపారని ఇద్దరికీ తెలుసు. అంతకు వారం ముందే హమీద్ కొడుకును ఇక్బాల్ షెడ్డులో పనికి పెట్టుకున్నాడని కూడా ఇద్దరికీ తెలుసు. తమ్ముడికి కుల్సుం ఆ పూట మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

రషీదా కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కి బ్రహ్మానందం గారి ఊరు పోయింది. ఆయన మర్యాదగానే అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. సాయిబు ఎంత మంచివాడో చానాసేపు చెప్పాడు. అసలు సంగతికి వచ్చేసరికి, అది మీ మతం వ్యవహారం తల్లీ, మేం నోరు పెడితే బాగుండదు అన్నాడు. తన కూతుళ్లకు లేని వాటా ఈ పిల్లకెందుకన్నట్టు షాహిదా వంక చూశాడు. పొలం ట్రక్కు ఇరుసు విరిగి ఉంది, రేపు ఇక్బాల్ దగ్గరకే పోవాలి గదా, నువ్వే అర్థం చేసుకో అన్నాడు. తిరిగి వచ్చి బస్సు దిగేటప్పుడు షాహిదా, ఆ మజ్జిగ తాగకుండా ఉండాల్సిందమ్మా అంది.

ఇది పల్నాటి మాట. చట్టం నోటిమాటను కూడా నమ్మింది, మనుషుల మీద అంత గౌరవం ఉంచింది. ఆ గౌరవానికి మనం ఇచ్చిన విలువ ఒక ఇరుసు, ఒక పనివాడి చోటు. ఇరవై నోళ్లు అన్నం తినడానికి తెరుచుకుంటాయి, టీ తాగడానికి తెరుచుకుంటాయి, పక్కింటి ఆడపిల్ల గురించి మాట్లాడటానికి తెరుచుకుంటాయి. ఒక తండ్రి లేని పిల్ల వాటా గురించి చెప్పడానికి మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. థూ అని ఉమ్మాలనిపిస్తుంది, రాసే కాయితం పాడవుతుందని ఊరుకుంటున్నాను.

ఇద్దత్ ముగియడానికి కొన్నాళ్ల ముందు ఇక్బాల్ ఒక కాయితం తెచ్చి తల్లి ముందు పెట్టాడు. మునిసిపాలిటీలో పేరు మార్చడానికి ఊరికే వేలిముద్ర కావాలన్నాడు. సిరా పెట్టె కూడా తనే తెచ్చాడు. కుల్సుం బొటనవేలు ముందుకు చాపబోయి ఆగింది. చదువు రాని మనిషి, కాని ఆలోచన రాని మనిషి కాదు. నాకు ఇందులో ఏమీ లేకపోతే నా వేలితో వీడికి పనేంది అనుకుంది. ఇద్దత్‌లో వేలిముద్రలు వేయను, తర్వాత చూద్దాంలే అని చెయ్యి పమిట కింద దాచుకుంది.

ఇద్దత్ తీరిన ఆడవాళ్లను పుట్టింటివాళ్లు వచ్చి తీసుకుపోతారు, లేకపోతే దర్గాకు తీసుకెళతారు. కుల్సుం బురఖా వేసుకుని కోడల్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని మొదట పోయింది ప్లీడరు చెన్నకేశవరావు ఆఫీసుకు. వెళ్లి కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది.

“అయ్యా, ఆయన రాయలేదు. రాయనీయకుండా ఏడ్చింది నేనే. ఇప్పుడు నేను రాయొచ్చా? నాకేమన్నా ఉందా?”

ఉందమ్మా అన్నాడు ప్లీడరు. పిల్లలున్న భర్త పోతే భార్యకు ఎనిమిదోవంతు వస్తుంది, మిగిలింది ఇక్బాల్‌ది అని చెప్పాడు. నాలుగు నెలలుగా ఇంట్లో ఇంతమంది మగవాళ్లు తిరిగారు, ఒక్కడూ ఆమెకు ఆ మాట చెప్పలేదు. కుల్సుం అప్పుడు కూర్చుంది. బొటనవేలు ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది అంది.

ప్లీడరు విడమరిచి చెప్పాడు. ముందు ఎనిమిదోవంతు కొలిచి విడదీయించుకోవాలి. మొత్తంలో కలిసిపోయి ఉన్నదాన్ని దానం ఇస్తే రేపు తగాదా వస్తుంది. విడదీశాక హిబా కాయితం రాసి రిజిస్టరు చేయించి, అదే రోజు గది తాళం చెవి మనవరాలి చేతిలో పెట్టాలి. మీరా సాహెబ్ ఇస్తానన్న మూడోవంతు ఇక రాదు. వెనక గది వస్తుంది, దానికి రోడ్డుదాకా ఒక సన్నటి దారి వస్తుంది. అంతే. రషీదా అంతే చాలన్నది. చెన్నకేశవరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలదమ్మా, కాని ఇది పోకుండా చూద్దాం అన్నాడు.

ఇక్బాల్ మొదట ఎగిరాడు. కొలతలు కుదరవన్నాడు. కోర్టులో తల్లి కొడుకు మీద దావా వేస్తే ఎట్టా ఉంటుందో ఆలోచించుకో అని ప్లీడరు కబురు పంపాక దిగివచ్చాడు. కొలతల రోజు మసీదు పెద్దలిద్దరు వచ్చారు. హమీద్ కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. టేపు పట్టుకునే మనిషి వచ్చాడు. ఎదురుగా టీ బంకు దగ్గర మళ్లీ నలుగురు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. టేపు ఒక కొస గోడకు ఆనించబోతుండగా ఇక్బాల్ తల్లి ముందుకు వచ్చాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

“ఇంతమందిలో నన్ను ఇట్టా నిలబెడతావా? నా మీద నమ్మకం లేదా అమ్మా?”

ఈ ప్రశ్న ఒకసారి ఈ ఇంట్లో గెలిచింది. ఆ రోజు అన్నం పళ్లెం ముందు ముసలాయన నోరు మూయించింది. కుల్సుంకు ఆ పళ్లెం గుర్తుంది. కొడుకు ముఖం వంక చూసి మెల్లగా చెప్పింది.

“ఉండేదిరా. మీ అబ్బాకీ ఉండేది. ఆ నమ్మకంతోనే ఆయన రాయకుండా పోయాడు. ఇప్పుడు నాకు లేదు. ఉన్నా రాసేదాన్నే. కొలవండయ్యా.”

టేపు పరిచారు. ఇక్బాల్ గుండె మీద చెయ్యి తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. కొలతలు అయ్యాక హమీద్ ప్లీడరు దగ్గరకు వచ్చి, ఇంట్లో మనుషుల మధ్య ఈ కాయితాలు అవీ వస్తే ప్రేమలు పోతాయండీ అని గొణిగాడు. చెన్నకేశవరావు అప్పటిదాకా ఓపిక పట్టాడు. మసీదు పెద్దలకు, హమీద్‌కు, రోడ్డు అవతల టీ తాగేవాళ్లకు కూడా వినపడేట్టు చెప్పాడు.

“కాయితం ప్రేమను చంపదయ్యా. ప్రేమ చచ్చిన రోజున కాయితం పిల్లల్ని కాపాడుద్ది. మీ అందరి ముందూ మాట చెప్పిన మనిషికి మీరందరూ ఉండి కూడా ఎవరూ లేకుండా పోయారు. అదే ఆయన గంటసేపు కూర్చుని వేలిముద్ర వేసి పోయుంటే మీలో ఒక్కడితో కూడా పనుండేది కాదు. ఇల్లూ వాకిలీ, పిల్లా పాపా ఉన్న ప్రతివాడూ ఒంట్లో సత్తువ ఉండగా రాయాలి. అనుమానం ఉందని కాదు, మనం చచ్చాక మన మాట మోసేది మనుషులు కాదని తెలిసి రాయాలి.”

హమీద్ మళ్లీ చెప్పుల వంక చూసుకున్నాడు. టీ బంకు దగ్గర ఎవరో గ్లాసు కింద పెట్టి మెల్లగా జారుకున్నారు. మిగతావాళ్లు ఇంకో టీ చెప్పారు.

జనం వెళ్లిపోయాక షాహిదా వెనక గది గుమ్మంలో నిలబడి, రోడ్డుదాకా సున్నంతో గీసిన సన్నటి దారి వంక చూసింది. ఆ చివర గోడకు ఒక చిన్న బోర్డు పెట్టుకుంటే అమ్మ దగ్గరకు వచ్చే రైతులకు దారి తెలుస్తుంది. నాన్న పేరు మళ్లీ రాయిద్దామా దాదీ, పెయింటరును పిలవనా అని అడిగింది. కుల్సుం అప్పటికే బురఖా సర్దుకుని రిజిస్ట్రారాఫీసుకు పోవడానికి లేచింది.

“బోర్డు తర్వాత పెట్టుకుందాం, పదవే. ముందు కాయితం మీద నీ పేరు పడనీ” అంది.